ఎలుక థైమస్‌లో సీడీ8 మాత్రమే ఉన్న కణాలు: వాటిలో టీసీఆర్ కనిపించనివి ఏ దశకు చెందినవి?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆహారంలో జింకు లోపిస్తే థైమస్‌లో (ఛాతీలో ఉండే, రోగనిరోధక టీ కణాలు ఎదిగే గ్రంథిలో) టీ కణాల ఎదుగుదల ఏ దశలో దెబ్బతింటుందో తెలుసుకోవడం నా పరిశోధనాంశం. జింకు లోపించిన ఎలుకల్లో థైమస్ కుంచించుకుపోతుందన్నది చాలాకాలంగా తెలిసిన సంగతే కాబట్టి, కణాల ఉపరితలం మీద కనిపించే ప్రొటీన్లను బట్టి ఏ దశ కణాలు ముందుగా తగ్గుతున్నాయో చూడాలని అనుకున్నాము. జంతు నైతిక సంఘం అనుమతితోనే ప్రయోగం జరుగుతోంది. ఆరు వారాల వయసున్న సీ57 బ్లాక్ 6 ఎలుకలను వాడుతున్నాము.

థైమస్‌ను జల్లెడ మీద మెత్తగా నలిపి కణాలను విడదీసి, ఉపరితల ప్రొటీన్లైన సీడీ4, సీడీ8 ఆల్ఫా, టీసీఆర్ బీటాలకు (టీసీఆర్ అంటే టీ కణ గ్రాహకం) అంటుకునే రంగు యాంటీబాడీలతో స్టెయిన్ చేసి, పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి, ఐసు పెట్టెలో పెట్టుకుని చెన్నై తీసుకెళ్లి కణాలను ఒక్కొక్కటిగా కొలిచే అక్కడి ఫ్లో సైటోమీటర్‌లో చదివిస్తున్నాము. మామూలు మేత తిన్న ఎలుకల్లో సీడీ4, సీడీ8 రెండూ ఉన్న కణాలు ఎనభై శాతానికి పైగా వచ్చాయి, అది పుస్తకాల్లో ఉన్నట్టే ఉంది. నా సందేహం సీడీ8 మాత్రమే ఉన్న కణాల గురించి. ఆ గేటులోని (ప్లాట్‌లో గీత గీసి వేరుచేసిన ప్రాంతంలోని) కణాలకు టీసీఆర్ బీటా హిస్టోగ్రామ్ తీస్తే రెండు శిఖరాలు వస్తున్నాయి. ఒకటి బాగా కుడివైపున, అంటే టీసీఆర్ నిండుగా ఉన్నవి. రెండోది స్టెయిన్ చేయని కణాలకు దగ్గరగా, ఎడమవైపున. సీడీ4 మాత్రమే ఉన్న కణాల్లో ఇలా లేదు, అక్కడ కుడివైపు శిఖరమే పెద్దది. జింకు లోపించిన ఎలుకల్లో సీడీ8 కణాల శాతం దాదాపు రెట్టింపు అయింది, ఎడమవైపు శిఖరం కూడా కొంచెం పెరిగింది.

టీసీఆర్ లేకుండా పరిణత సీడీ8 కణం ఉండదు కదా? స్టెయినింగ్ సరిగా పట్టలేదని అనుకోవాలా, ఫిక్స్ చేయడం వల్ల ప్రొటీన్ దెబ్బతిన్నదని అనుకోవాలా, లేక ఇవి వేరే కణాలా? శాతం రెట్టింపు కావడాన్ని బట్టి, జింకు లోపం వల్ల కణాలు సీడీ8 వైపు ఎక్కువగా మళ్లుతున్నాయని రాయవచ్చా? దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: రోగనిరోధక శాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

అమ్మా, మీ స్టెయినింగ్‌కు ఏమీ కాలేదు. అదే ట్యూబులోని సీడీ4 కణాల్లో టీసీఆర్ నిండుగా కనిపిస్తోందంటే యాంటీబాడీ పనిచేసిందనీ, ఫిక్స్ చేసినా ప్రొటీన్ నిలిచిందనీ అర్థం. ఒకే ట్యూబులో ఒక రకం కణాల మీద పట్టిన యాంటీబాడీ పక్కనున్న కణాల మీద మాత్రం పట్టకుండా పోదు. కాబట్టి ఎడమవైపు శిఖరంలో ఉన్నవి నిజంగానే టీసీఆర్ చాలా తక్కువగా ఉన్న కణాలు. వాటిలో అధిక భాగం అపరిణత సీడీ8 ఏక ధనాత్మక కణాలు, మనం ఐఎస్‌పీ అని పిలుచుకునేవి. అవి పరిణతికి చివర కాదు, సీడీ4, సీడీ8 రెండూ ఉన్న డీపీ దశకు ఒక్క అడుగు ముందు ఉంటాయి.

వరస చూడండి. ఎముక మజ్జ నుంచి థైమస్‌కు వచ్చిన పూర్వకణాల మీద సీడీ4 గానీ సీడీ8 గానీ చెప్పుకోదగినంత ఉండదు, వాటిని డీఎన్ కణాలంటాము. డీఎన్1లో సీడీ44 ఉంటుంది, సీడీ25 ఉండదు. డీఎన్2లో రెండూ ఉంటాయి. డీఎన్3కి వచ్చేసరికి సీడీ44 తగ్గిపోయి సీడీ25 మిగులుతుంది. టీసీఆర్ బీటా జన్యువు ముక్కలను అతికించుకోవడం ప్రధానంగా ఇక్కడే పూర్తవుతుంది, అతుకు సరిగ్గా కుదిరి బీటా గొలుసు తయారైన కణమే, ప్రీ టీసీఆర్ ఆల్ఫాతో జతకట్టి ఉపరితలం దగ్గర సంకేతం ఇచ్చి ముందుకు సాగుతుంది. ఈ ముక్కలను కోసి అతికించే రాగ్ జన్యువులు తీసేసిన ఎలుకల్లో ఈ అతుకే పడదు, అందుకే వాటి థైమస్ డీఎన్3 దగ్గరే ఆగిపోతుంది. 1992లో ఆ ఎలుకల గురించి వచ్చిన పత్రాలు నేటికీ విద్యార్థులు చదవదగినవని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక ఉపరితల ప్రొటీన్ ఎదుగుదలకు గుర్తుగా మాత్రమే కాక, ఎదుగుదల సాగడానికి షరతుగా కూడా ఉంటుందని అవి కళ్లకు కట్టినట్టు చూపాయి.

బీటా ఎంపిక, అంటే బీటా గొలుసు సరిగ్గా కుదిరిందా అన్న ఈ పరీక్ష, దాటిన కణాలు సీడీ25ను కూడా వదిలి డీఎన్4 అవుతాయి, వేగంగా విభజన చెందుతూ సీడీ8ను ముందు, సీడీ4ను వెనుక తెచ్చుకుంటాయి. ఆ మధ్యలో, సీడీ8 వచ్చి సీడీ4 ఇంకా రాని కొద్దిసేపట్లో మీ చేతికి చిక్కినవే ఆ ఎడమవైపు కణాలు. ఎలుకల్లో ఎక్కువగా సీడీ8 ముందు వస్తుంది, మనుషుల్లో సీడీ4 ముందు వస్తుంది. మానవ థైమస్ గురించి చదివిన పత్రంతో మీ ప్లాట్‌ను పోల్చితే ఈ ఒక్క తేడా వల్లే అంతా గందరగోళమవుతుంది.

వాటిని నిర్ధారించుకోవడం కష్టం కాదు. ఐఎస్‌పీ కణాల మీద సీడీ24 ఎక్కువగా, టీసీఆర్ బీటా తక్కువగా ఉంటాయి. పరిణత సీడీ8 కణాల మీద టీసీఆర్ ఎక్కువ, సీడీ24 తగ్గుతూ వస్తుంది. మీ దగ్గర ఇప్పుడు సీడీ24 లేకపోయినా, ఉన్న ఫైళ్లలోనే కణం పరిమాణాన్ని సూచించే ఫార్వర్డ్ స్కాటర్ చూడండి. ఐఎస్‌పీలు విభజనలో ఉన్నవి కాబట్టి డీపీల్లో అధిక భాగం కన్నా, పరిణత సీడీ8ల కన్నా పెద్దవిగా కనిపిస్తాయి.

ఇక రెండో సందేహం. శాతం రెట్టింపు అయిందని కణాలు సీడీ8 వైపు మళ్లాయని రాయడానికి వీల్లేదు. ఉదాహరణకు ఒక ఎలుక థైమస్‌లో 10 కోట్ల కణాలుండి అందులో 4 శాతం సీడీ8 కణాలైతే అవి 40 లక్షలు. థైమస్ కుంచించుకుపోయి 2 కోట్ల కణాలే మిగిలి, అందులో సీడీ8 కణాలు 8 శాతమైతే అవి 16 లక్షలు. శాతం రెట్టింపయింది, అసలు సంఖ్య సగం కన్నా తగ్గింది. చెరువు ఎండితే బండలు బయటపడినట్టు, డీపీలు పోవడం వల్ల మిగతావి పైకి కనిపిస్తున్నాయంతే. డీపీ కణాల్లో మృతిని అడ్డుకునే బీసీఎల్2 ప్రొటీన్ తక్కువ, పైగా జింకు లోపం వల్ల ఎలుక రక్తంలో కార్టికోస్టిరోన్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది, దానికి డీపీలే ముందుగా బలవుతాయి. అందుచేత ప్రతి థైమస్‌కూ మొత్తం కణాల లెక్క కట్టి, ప్రతి దశకూ సంఖ్యను, శాతాన్ని పక్కపక్కన చూపించండి. కణాల లెక్క లేని థైమస్ పట్టికను నేనైతే పరీక్షకుడిగా అంగీకరించను.

జవాబు: ఫ్లో సైటోమెట్రీ పనిలో ఉన్నవాడిని, చిత్తూరు

అధ్యాపకులు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, కణాలను తీసే దగ్గర, తీసుకెళ్లే దగ్గర చూసుకోవలసిన సంగతులు కొన్ని చెబుతాను. చిన్నవిగా కనిపించినా ఫలితాన్ని తలకిందులు చేయగలవి ఇవే.

మొదటిది, థైమస్‌ను అంటుకుని ఉండే చిన్న లింఫు గ్రంథులు. ఎలుక ఛాతీ తెరిచి థైమస్ రెండు తమ్మెలనూ పట్టకారుతో ఎత్తేటప్పుడు అంచున గింజల్లాంటి గ్రంథులు కూడా వచ్చేస్తాయి. వాటి నిండా పరిణత సీడీ4, సీడీ8 టీ కణాలూ, బీ కణాలూ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న థైమస్‌లో ఆ కల్తీ ఒక లెక్కలోకి రాదు, కానీ జింకు లోపించి కుంచించుకుపోయిన థైమస్‌లో అదే గ్రంథి వాటా ఎన్నో రెట్లు పెరిగి, మీ కుడివైపు శిఖరాన్ని ఉబ్బించగలదు. స్టీరియో మైక్రోస్కోపు కింద చల్లని బఫరులో థైమస్‌ను పెట్టి, వాటిని గుర్తించి వేరు చేయండి. బీ కణాలను గుర్తించే బీ220 యాంటీబాడీ ఒకటి కలిపితే కల్తీ ఎంత వచ్చిందో ఒక అంచనా దొరుకుతుంది.

రెండోది, మీరు సీడీ8 ఆల్ఫా వాడుతున్నారు. థైమస్‌లోని కొన్ని డెండ్రైటిక్ కణాల మీద కూడా సీడీ8 ఆల్ఫా ఉంటుంది, టీసీఆర్ ఉండదు. మీరు ఎంజైము వాడకుండా జల్లెడ మీద నలుపుతున్నారు కాబట్టి అవి పెద్దగా విడివడి రావు, అయినా డెండ్రైటిక్ కణాల గుర్తు అయిన సీడీ11సీ ఒకసారి చూడటం మంచిది. లేదా సీడీ8 బీటా యాంటీబాడీ వాడండి, ఆ కణాల మీద అది ఉండదు. ఎంజైముల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా: ట్రిప్సిన్ లాంటివి ఉపరితల ప్రొటీన్లను కోసేస్తాయి. థైమోసైట్లు వదులుగానే ఉంటాయి, వాటికోసం ఎంజైము అవసరమే లేదు.

మూడోది ప్రయాణం. మే నెల తిరుపతి ఎండలో ప్రయోగశాల నుంచి రేణిగుంట స్టేషనుకు చేరేలోపే ఐసు సగం కరుగుతుంది. ఫిక్స్ చేసిన కణాలకు వేడి కన్నా వెలుతురు ఎక్కువ ప్రమాదం. పీఈ సై7 లాంటి జంట రంగులు వెలుతురులో, ఫిక్సేటివులో ఎక్కువసేపు నానితే విడిపోయి, పీఈ ఛానెల్‌లో లేని సంకేతాన్ని చూపిస్తాయి. ఫిక్స్ చేసిన తరువాత ఒకసారి కడిగి, మామూలు బఫరులో ఉంచి, ట్యూబులకు రేకు చుట్టి తీసుకెళ్లండి. ఒక రంగు సంకేతం ఇంకో రంగులో కలవడాన్ని సరిచేయడానికి ఒక్కో రంగు మాత్రమే వేసిన కంపెన్సేషన్ ట్యూబులు కూడా అదే రోజు ఫిక్స్ అయి, అదే పెట్టెలో ప్రయాణం చేయాలి. అక్కడికి వెళ్లాక తాజాగా చేసిన వాటితో సరిచూస్తే లెక్క కుదరదు.

చనిపోయిన కణాలను గుర్తించే రంగును ఫిక్స్ చేయకముందే వేయాలి. డీపీలు బయట ఎక్కువసేపు ఉంటే వాటంతటవే చచ్చిపోతాయి, చచ్చిన కణాలకు ఏ యాంటీబాడీ అయినా అంటుకుంటుంది. అలాగే ఒక సీడీ4 కణం, ఒక సీడీ8 కణం అతుక్కుని కలిసి వెళ్తే అది డీపీలాగా కనిపిస్తుంది కాబట్టి జంటలను తీసేసే గేటు ముందుగా పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: పరిశోధక విద్యార్థిని, తిరుపతి

సార్, ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత ఫైళ్లు తెరిచి ఫార్వర్డ్ స్కాటర్ చూశాను. టీసీఆర్ తక్కువగా ఉన్న సీడీ8 కణాలు నిజంగానే పెద్దవిగా ఉన్నాయి, టీసీఆర్ ఎక్కువగా ఉన్నవి చిన్నవిగా, దగ్గరగా గుమిగూడి ఉన్నాయి. మామూలు ఎలుకల్లోనూ, జింకు లోపించినవాటిలోనూ ఇదే తీరు. తరువాతి విడతకు సీడీ24 తెప్పిస్తున్నాను. మాకు దొరికే యంత్రంలో ఆరు రంగులకే వీలుంది. ఆ ఆరింటినీ ఎలా వాడుకోవాలి? ఇంకొక సందేహం. సీడీ4, సీడీ8ల ఎంఆర్ఎన్ఏను (ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలును) కూడా కొలవాలని మా గైడ్ అంటున్నారు. ఉపరితల ప్రొటీన్ ఉంటే ఎంఆర్ఎన్ఏ ఉన్నట్టే కదా, వేరుగా కొలవడం ఎందుకు?

జవాబు: టీ కణాల ఎంపిక మీద పనిచేసిన పూర్వ విద్యార్థిని

చెల్లీ, ముందు నీ రెండో సందేహం సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ మొత్తం చర్చలో అసలు విషయం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. ఉపరితలం మీద ప్రొటీన్ ఉన్నంత మాత్రాన ఆ జన్యువు ఈ క్షణంలో పనిచేస్తోందని కాదు. ప్రొటీన్ తయారీ ఆగిపోయాక కూడా, ఉన్నది కరిగిపోవడానికి సమయం పడుతుంది. అందుకే థైమోసైట్ మీద నీకు కనిపించేది ఆ కణం ఇప్పుడు చేస్తున్న పనితోపాటు నిన్న చేసిన పని కూడా.

దీన్ని పరీక్షించడానికి ఒక చక్కని పద్ధతి ఉంది. డీపీ కణాలను ప్రొనేజ్ అనే ఎంజైముతో శుభ్రం చేసి ఉపరితలం మీది సీడీ4, సీడీ8 రెండింటినీ తీసేస్తారు. తరువాత ఆ కణాలను రాత్రంతా పెంపక ద్రవంలో ఉంచి, మరుసటి రోజు ఏది తిరిగి మొలిచిందో చూస్తారు. అప్పుడే తయారవుతున్న ప్రొటీన్ మాత్రమే తిరిగి వస్తుంది. రోగనిరోధక శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ సింగర్ బృందం ఈ పద్ధతిని వాడి, పైకి డీపీగా కనిపిస్తున్న కణాల్లో కొన్ని అప్పటికే సీడీ8 తయారీ ఆపేసి సీడీ4ను మాత్రమే తయారు చేస్తున్నాయని చూపింది.

ఇది నీ గేట్లకు నేరుగా సంబంధించిన విషయం. డీపీ కణానికి టీసీఆర్ ద్వారా ఎంపిక సంకేతం అందగానే, అది చివరికి సీడీ4 అయ్యేదైనా, సీడీ8 అయ్యేదైనా ముందుగా సీడీ8 తయారీనే తగ్గించుకుంటుందనీ, సీడీ4 ఎక్కువగా, సీడీ8 తక్కువగా ఉన్న మధ్యదశకు వస్తుందనీ ఆ బృందం ప్రతిపాదించింది. అక్కడ సంకేతం కొనసాగితే కణం సీడీ4గా స్థిరపడుతుంది, థ్‌పాక్ అనే నియంత్రక ప్రొటీన్ దానికి అవసరం. సీడీ8 తగ్గడంతో సంకేతం తెగిపోతే, ఐఎల్7 అనే సంకేత ప్రొటీన్ ప్రభావంలో కణం వెనుదిరిగి సీడీ4ను ఆపి సీడీ8ను తిరిగి మొదలుపెడుతుంది, సీడీ4 జన్యువును మూసివేయడంలో రన్‌ఎక్స్3 అనే మరో నియంత్రక ప్రొటీన్ పాత్ర ఉంది. ఈ నమూనా మీద వాదాలు జరిగాయి, కానీ సీడీ8 తగ్గిన ఆ మధ్యదశ కణాలు ఉన్నాయన్నదాన్ని కాదనలేము. కనుక నువ్వు సీడీ4 కణాలని పిలుస్తున్న గేటు అంచున, రేపు సీడీ8 కాబోయే కణాలు కూడా ఉండవచ్చు. గేటు గీత ఎక్కడ గీసినా ఆ ప్రాంతాన్ని వేరుగా పెట్టి, వేరే పేరుతో లెక్కించడం మేలు.

ఇక ఆరు రంగులు. మొదటి ట్యూబులో సీడీ4, సీడీ8 బీటా, టీసీఆర్ బీటా, సీడీ24, సీడీ69, చనిపోయిన కణాల రంగు పెట్టు. సీడీ69 ఎంపిక సంకేతం అందిన వెంటనే పైకి వచ్చి, కణం బయటికి వెళ్లే వేళకు తగ్గుతుంది. అది ఊరికే గుర్తుగా ఉండిపోయేది కాదు, థైమస్ నుంచి రక్తంలోకి దారి చూపే ఎస్1పీ గ్రాహకాన్ని ఉపరితలం మీద నిలవనివ్వదు. అంటే సీడీ69 ఉన్నంతకాలం కణం లోపలే ఉంటుంది. టీసీఆర్ బీటాను, సీడీ69ను ఒకదాని మీద ఒకటి ప్లాట్ చేస్తే, ఎంపికకు ముందు, ఎంపిక జరుగుతుండగా, ఎంపిక తరువాత అన్న మూడు స్థితులు కళ్ల ముందే ఒక వంపులో కనిపిస్తాయి. సీడీ5 కూడా మంచిదే, టీసీఆర్ సంకేతం ఎంత బలంగా అందిందో దాని మట్టం చెబుతుంది, కానీ ఆరింటిలో ఒకదాన్నే ఎంచుకోవలసివస్తే నేను సీడీ69నే ఎంచుకుంటాను.

రెండో ట్యూబు డీఎన్ కణాలకోసం. సీడీ44, సీడీ25, సీ కిట్ మూడు రంగులు, చనిపోయిన కణాలకు ఒకటి, వద్దనుకున్న కణాలన్నిటికీ కలిపి ఒకే రంగు. ఆ చివరిదానిలో సీడీ4, సీడీ8, సీడీ3, గామా డెల్టా టీసీఆర్, బీ220, సీడీ11బీ, సీడీ11సీ, ఎన్‌కే1.1 ఉండాలి. ఆ గుంపును తీసేయకుండా సీడీ44, సీడీ25 చూస్తే మొదటికే మోసం వస్తుంది. నియంత్రక టీ కణాల మీద కూడా సీడీ25 ఉంటుంది, బయట తిరిగి థైమస్‌కు వెనుదిరిగిన టీ కణాల మీద, ఎన్‌కేటీ కణాల మీద సీడీ44 ఎక్కువగా ఉంటుంది. అయితే అతి తొలి పూర్వకణాల మీద సీడీ4 స్వల్పంగా ఉండటం కద్దు, కాబట్టి సీడీ4 గీతను మరీ కిందికి దించవద్దు. ఆరో రంగు ఖాళీగా ఉంటే సీడీ27 వేసుకో. డీఎన్3లో బీటా ఎంపిక దాటినవాటి మీద అది పెరుగుతుంది.

జవాబు: రోగనిరోధక శాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

పై జవాబు చదివాక ఒక విషయంలో నా మాట జోడించాలనిపించింది. జింకు లోపించిన గుంపులో ఎడమవైపు శిఖరం పెరిగిందని రాశారు. అది డీపీలు తగ్గడం వల్ల వాటా పెరిగినట్టు కనిపించడమే కావచ్చు, లేదా దెబ్బతిన్న థైమస్ డీఎన్‌ల నుంచి మళ్లీ డీపీలను నింపుకోవడానికి ప్రయత్నిస్తుండటం కావచ్చు. ఈ రెండింటినీ వేరు చేయాలంటే ఐఎస్‌పీల అసలు సంఖ్యతోపాటు వాటిలో విభజన చెందుతున్నవెన్నో చూడాలి. డీఎన్ఏ మట్టాన్ని చూపే రంగుతో అది సాధ్యమే.

ఇంతకన్నా ముఖ్యం మేత. జింకు లేని మేత పెట్టిన ఎలుకలు తిండి తగ్గించేస్తాయి, తిండి తగ్గితే ఒక్క ఆ కారణంగానే థైమస్ కుంచించుకుపోతుంది. అందుచేత జింకు లోపించిన ఎలుక నిన్న ఎంత తిన్నదో తూచి, జింకు సరిపడా ఉన్న మేతను అంతే తూకంలో ఇంకొక ఎలుకకు పెట్టే మూడో గుంపు ఉండి తీరాలి. అది లేకుండా ఏ దశలో ఏ ప్రొటీన్ తగ్గినా జింకు వల్లనే అని చెప్పలేము. తాగే నీరు బోరు నీరు కాకుండా అయానులు తీసేసినదై ఉండాలి. పంజరాల మూతలు జింకు పూత పూసిన ఇనుపవైతే ఎలుకలు ఆ కమ్మీలను నాకి కావలసిన జింకు సంపాదించుకుంటాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి.

ప్రశ్న అడిగినవారు: పరిశోధక విద్యార్థిని, తిరుపతి

సార్, మూడో గుంపుకు నైతిక సంఘం అనుమతిలో ఇప్పటికే వీలుంది, ఈ విడత నుంచి పెడతాము. అక్కా, రెండు ట్యూబుల పద్ధతి మా గైడ్‌కు చూపించాను, ఒప్పుకున్నారు. ప్రొనేజ్ పరీక్ష మాత్రం చివరి దశకు ఉంచుతున్నాము. ఒక్క చిన్న ప్రశ్న మిగిలింది. మూడు గుంపుల థైమస్‌లనూ ఒకే రోజు తీయలేకపోతే ఫరవాలేదా?

జవాబు: ఫ్లో సైటోమెట్రీ పనిలో ఉన్నవాడిని, చిత్తూరు

ఫరవాలేదు, కానీ ఒక్కో గుంపును ఒక్కో రోజుకు కేటాయించవద్దు. ప్రతి రోజూ మూడు గుంపుల నుంచీ సమానంగా ఎలుకలను తీసుకోండి, అప్పుడు యంత్రంలోని రోజువారీ తేడా ఏ ఒక్క గుంపుకూ అంటదు. వేళ కూడా ఒకటే ఉండాలి. ఎలుకల్లో కార్టికోస్టిరోన్ రోజంతా ఒకే మట్టంలో ఉండదు, చీకటి పడే వేళకు పెరుగుతుంది. ఎలుకల గదిలో కరెంటు పోయి వేడెక్కిన రోజున మాత్రం అసలే తీయకండి, ఆ ఒత్తిడికి డీపీలు తగ్గితే ఆ తగ్గుదలను జింకు ఖాతాలో వేసే ప్రమాదం ఉంది.